ప్రభుత్వ ఖర్చుతో పనివాళ్ళ ఉత్పాదకత పెరుగుతుందా? డెల్టా లెక్కలో సమాధానం

కోనసీమ నుంచి ఒక కౌలు రైతు అడిగిన ప్రశ్న ఇది: "కాలువలకీ వంతెనలకీ కోట్లు పెడుతున్నారు, ఉపాధి పనులకీ పెడుతున్నారు. కూలి రేట్లు పెరిగాయి, పని మాత్రం తగ్గింది. ఇంతకీ ప్రభుత్వం ఖర్చు పెడితే మనుషుల ఉత్పాదకత పెరుగుతుందా, తగ్గుతుందా?"

ఏ ఖర్చు, ఏ నెలలో అన్నది చెప్పకుండా దీనికి జవాబు లేదు. మనిషి రోజులో వృథాగా పోయే గంటల్ని తీసేసే ఖర్చు ఉత్పాదకత పెంచుతుంది. అదే ఖర్చు సీజను దాటాక వస్తే లెక్కల్లో ఉంటుంది గాని చేలో కనబడదు. గోదావరి డెల్టాలో ఈ రెండో రకం తక్కువేమీ కాదు.

ముందు ఉత్పాదకతను కొలవడం నేర్చుకుందాం. కూలి రేటు ఉత్పాదకత కాదు. కూలి 400 నుంచి 600 అయిందంటే మనుషులు సోమరులయ్యారనీ కాదు, పనిమంతులయ్యారనీ కాదు. ఒక పనిదినానికి ఎన్ని కిలోల ధాన్యం వచ్చింది అన్నదే లెక్క. ఎకరానికి ఒక ఉదాహరణ వేద్దాం, అంకెల స్థానంలో మీ చేను అంకెలు పెట్టుకోండి. ఆకుతీత, ఊడ్పులకి 12 పనిదినాలు, కలుపుకి 6, ఎరువులు, మందు కొట్టడానికి 4, గట్లు, బోదెలు (చేలకి నీళ్ళు తెచ్చే చిన్న కాలువలు), నీళ్ళు కట్టడానికి 3, కోత, కట్టివేతకి 10, నూర్పిడికి 8. మొత్తం 43. దిగుబడి 75 కిలోల బస్తాలు 28 అనుకుంటే 2,100 కిలోలు. అంటే పనిదినానికి 49 కిలోలు.

ఇప్పుడు కోత మిషను పెట్టండి. కోత, నూర్పిడి పనిదినాలు 18 పోయి ఒకటి మిగులుతుంది. మొత్తం 26. పనిదినానికి 81 కిలోలు. ఉత్పాదకత మూడింట రెండు వంతులు పెరిగింది.

ఇక మూడో లెక్క. మిషను ఉంది, కానీ మురుగు కాలువ పూడిపోయింది. ఊడ్చిన వారం పది రోజులకే వాన పట్టి చేను మునిగింది. ఆకు కుళ్ళినచోట మళ్ళీ తెచ్చి పూడ్చడానికి ఇంకో 4 పనిదినాలు, దిగుబడి 20 బస్తాలు. 1,500 కిలోలను 30తో భాగిస్తే 50. మిషను తెచ్చిన లాభమంతా మురుగు కాలువ మింగేసింది. పైగా 8 బస్తాలు పోయాయి. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు రూ.2,369 కాబట్టి, ధర పూర్తిగా దక్కిందనుకున్నా ఎకరానికి రూ.14,200 పైమాట. చేను పడిపోయి నేల తడిగా ఉంటే టైరు మిషను దిగదు, చైను మిషను పెట్టాలి. దాని అద్దె గంటకి ఎక్కువ, పడిన చేలో గంటలూ ఎక్కువే. యంత్రాల రాయితీకి పెట్టిన డబ్బు, మురుగుకి పెట్టకపోవడం వల్ల పనికిరాకుండా పోవడమంటే ఇదే. ఈ రెండు ఖర్చులూ రెండు వేర్వేరు శాఖల బడ్జెట్లలో ఉంటాయి, ఒకదానికొకటి పట్టదు.

ఇది కాగితం మీద వేసుకున్న లెక్క అనుకోవద్దు. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అప్పుడు ముందుకు వచ్చిన ఫిర్యాదుల్లో గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు మురుగు కూడా ఉంది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. కూలీల కొరత గురించి జరిగినంత చర్చ మురుగు కాలువల గురించి జరగలేదు. నా దృష్టిలో ప్రాధాన్యం తలకిందులైంది. ముంపు చేనుకి ఎంతమంది కూలీలు దొరికితే మాత్రం ఏం లాభం?

మురుగు పని ఎక్కడ చెడుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది అక్కడే. పూడిక తీత కింది నుంచి, అంటే సముద్రపు మొగ దగ్గర నుంచి పైకి రావాలి. పైన తీసి కింద వదిలేస్తే నీళ్ళు ఇంకా తొందరగా వచ్చి కింది ఊళ్ళలో నిలుస్తాయి. మొగ దగ్గర ఇసుక మేట వేస్తే పైన ఎంత తవ్వినా దండగే. పోటు వేళ ఉప్పునీరు ఎదురెక్కకుండా ఆపే షట్టర్లు తుప్పుపట్టి దిగకపోతే, తీసిన లోతే శాపమవుతుంది. ఇక గుర్రపుడెక్క, నీటి మీద అల్లుకునే కలుపు మొక్క. ప్రొక్లెయినర్‌తో లాగి గట్టు అంచునే కుప్ప పోస్తారు. మొదటి వానకే అది జారి మళ్ళీ కాలువలో పడుతుంది, తుంచిన ముక్కలు మళ్ళీ వేళ్ళు పోసుకుంటాయి. గట్టు అవతలికి మోయించే ఖర్చు అంచనాలో ఉందా లేదా అన్నది ముందే చూడాలి. ఆ ఒక్క పద్దు లేకపోతే ఏటా అదే డెక్కకి బిల్లు చేయాల్సి వస్తుంది.

తర్వాత సమయం. డెల్టా కాలువలు మామూలుగా ఏప్రిల్‌లో కట్టేసి జూన్‌లో వదులుతారు. కాలువ లోపలి పనికి ఆ నెలన్నరే గడువు. లాకుల మరమ్మతు, తూముల తలుపులు, కోతపడ్డ గట్లు అన్నీ అందులోనే. అంచనాలు జనవరికి, టెండర్లు మార్చికి పూర్తయితే పని ఆరిన కాలువలో జరుగుతుంది. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ వచ్చాక అనుమతి కోసం పరుగెత్తితే మే చివర్లో ఒప్పందం, జూన్ నీళ్ళలో పని. అప్పుడు ఎంత తవ్వారో కొలిచే దిక్కుండదు. ఒకే రూపాయి, ఒకే పని. అయినా మార్చిలో సిద్ధమైన పనికీ మేలో సిద్ధమైన పనికీ ఫలితంలో పోలికే ఉండదు. బడ్జెట్ పుస్తకంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇక్కడ మూలధన వ్యయం (కట్టడాల మీద పెట్టే ఖర్చు) మంచిది, జీతాల ఖర్చు దండగ అనే వాదన ఒకటి వస్తుంది. కాగితం మీద సబబుగానే ఉంటుంది. మన దేశంలో మూలధన వ్యయం రూపాయికి 2.45 రూపాయల ఆదాయం పుట్టిస్తుందన్న అంచనా తరచూ వినబడుతుంది. అది గిరాకీ ఎంత పెరుగుతుందన్న లెక్క, మనిషి గంటకి ఎంత పండిస్తాడన్న లెక్క కాదు. కాలువ మీద లస్కర్‌ని చూడండి. అతని జీతం రెవెన్యూ ఖర్చు. రాత్రి వాన పడితే తూము దించేదీ, వంతు రోజున శివారుకి, అంటే కాలువ చివరి పొలాలకి, నీళ్ళు చేరాయో లేదో చూసేదీ అతనే. ఆ పోస్టు ఖాళీ పెడితే, దాళ్వాలో (రబీలో) వంతులవారీ నీళ్ళ వేళ శివారు రైతులు రాత్రంతా గట్టు మీద కాపలా కాస్తారు. యాభై మంది నిద్ర చెడగొట్టుకుని ఒక మనిషి పని చేయడం అన్నమాట. ఆ గంటలు ఎవరి లెక్కల్లోనూ ఉండవు. సిమెంటు లైనింగు వేసి లస్కర్‌ని వేయకపోతే పెట్టుబడి సగమే పనిచేస్తుంది.

మీరు అసలు అడగదలచుకున్నది ఉపాధి హామీ గురించి అనుకుంటాను. 2005 చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అంది, కూలికి 60, సామగ్రికి 40 నిష్పత్తి పెట్టింది, కాంట్రాక్టర్లు వద్దంది. కూలీలు ఊడ్పులకి రాకపోవడానికి ఇదే కారణమా? ఉపాధి పనులు మన వైపు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, కాలువ కట్టేసిన కాలంలో జరుగుతాయి. సార్వా ఊడ్పులు జులై, ఆగస్టులో. ఈ రెండూ ఢీకొట్టేది కొద్ది వారాలే. మనుషులు వెళ్ళిపోయిన చోట్లు వేరే ఉన్నాయి: భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు, శుద్ధి కర్మాగారాలు, పట్నాల్లో కట్టుబడి పని, గల్ఫ్. ఉపాధి హామీ చేసింది ఏమిటంటే, పనిలేని వేసవిలో కూలీ చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, ఎంతకైనా వస్తాను అనే అగత్యం తగ్గించింది. దాంతో కూలి బేరం మారింది.

బేరం మారితే ఉత్పాదకత పడిపోతుందా? మన రాష్ట్రంలోనే దీనికి మంచి ఆధారం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఉపాధి వేతనాలు, పింఛన్లు స్మార్ట్‌కార్డుతో చెల్లించే పద్ధతిని విడతలవారీగా, లాటరీ మీద ప్రవేశపెట్టి ఫలితం కొలిచారు. ఆ జిల్లాల్లో గోదావరి డెల్టా లేదు, అది గుర్తుంచుకోవాలి. డబ్బు త్వరగా చేరింది, మధ్యలో కారడం తగ్గింది. ఆ తర్వాతి విశ్లేషణలో పేద కుటుంబాల ఆదాయం 13 శాతం దాకా పెరిగింది, అందులో అత్యధిక భాగం పథకం నుంచి కాక బయటి సంపాదన నుంచి వచ్చింది. బయటి పని తగ్గలేదు కూడా. చెల్లింపు యంత్రాంగానికి పెట్టిన చిన్న ఖర్చు, పథకానికి పెట్టిన పెద్ద ఖర్చుని పనిచేయించింది.

అయితే పథకం ఉత్పాదకతను దెబ్బతీసే దారి ఒకటుంది, అది చేసే పనిలోనే ఉంది. కొలతల ప్రకారం వేతనం కాబట్టి ఘనపు మీటర్లు తేలికగా దొరికే మట్టి పనివైపు మొగ్గుతారు. ఎవరికీ అక్కరలేని చోట గట్టు పోయడం తేలిక. పంట బోదె బాగుచేయడం కష్టం: సన్నగా, మెలికలుగా, కబ్జా తగాదాలతో ఉంటుంది. కానీ బోదె బాగుపడితే పదెకరాలకి నీళ్ళు సగం సమయంలో కడతాయి, పై లెక్కలో 3 పనిదినాలు 2 అవుతాయి. గ్రామసభలో పనుల జాబితా రాసేటప్పుడు ఏ బోదె, ఏ తూము నుంచి ఏ తూము వరకు, ఎన్ని మీటర్లు అని పేరుపెట్టి రాయించుకోండి. 'కాలువ పూడికతీత' అని మొత్తంగా రాస్తే తేలికైన ముక్కే తవ్వుతారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త గ్రామీణ ఉపాధి చట్టం 125 రోజులు అంటూ, విత్తులు, కోతల సమయంలో ఏడాదికి 60 రోజుల పాటు పని ఆపే వీలు కల్పించింది. డెల్టాలో ఆ 60 రోజులు జిల్లా అంతటికీ ఒకే తేదీలు పెడితే పొరపాటు. కాలువ తలవైపు ఊళ్ళలో ఊడ్పులు ముగిసేనాటికి శివారులో ఆకుమళ్ళకే నీళ్ళు అందవు.

రోడ్లు, వంతెనల సంగతి కాస్త వేరు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి దాటడానికి పంటు (పెద్ద పడవ) ఉంది. అవతలి ఒడ్డున పనికి వెళ్ళే మేస్త్రీకి పంటు నిండేదాకా ఆగడం, దాటడం, దిగి మళ్ళీ ఆటో, అన్నీ కలిసి రెండు వైపులా గంటన్నర పోతే, ఎనిమిది గంటల రోజులో అయిదో వంతు పోయినట్టే. యానాం, ఎదుర్లంక వంతెన 2002లో వచ్చాక ఆ దారిన ఈ బాధ తీరింది. అయితే రోడ్డు వేస్తే పొలం దిగుబడి పెరుగుతుందనుకోకండి. 2000లో మొదలైన గ్రామ సడక్ యోజన రోడ్లపై దేశవ్యాప్తంగా జరిగిన ఒక పరిశోధన 2020లో వెలువడింది. రోడ్డు వచ్చిన ఊళ్ళలో మనుషులు వ్యవసాయం వదిలి వేరే పనులకి వెళ్ళడం పెరిగింది, పంట ఉత్పత్తిలో, ఆస్తుల్లో పెద్ద మార్పు లేదు. అంటే రోడ్డు మీ చేలో కూలీలను పెంచదు, తగ్గిస్తుంది. ఆ కూలీ వైపు నుంచి చూస్తే అది మంచిదే, గంటకి ఎక్కువ విలువ వచ్చే పని దొరికింది. 'కూలీల కొరత' అని మనం అంటున్నదాన్ని అటువైపు నుంచి ఉత్పాదకత పెరుగుదల అంటారు.

తక్కువ డబ్బుతో ఎక్కువ ఫలితం ఇచ్చిన ఖర్చు ఏదని అడిగితే నేను మార్టేరు పేరు చెబుతాను. 1925 నుంచి ఉన్న ఆ వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటియు 7029, మన స్వర్ణ, డెల్టా దాటి తూర్పు భారతమంతా పాకింది. విత్తనం మారితే ఊడ్చేవాళ్ళ పనిదినాలు మారవు, బస్తాలు మారతాయి. భాగహారంలో పై అంకె పెరగడం ఇది. దేశంలో గ్రామీణ ఖర్చులను పోల్చిన 2000 నాటి ఒక అధ్యయనం కూడా వ్యవసాయ ఉత్పాదకతకు అన్నిటికన్నా ఎక్కువ ఊతం ఇచ్చేది పరిశోధనే అని తేల్చింది, పేదరికం తగ్గించడంలో రోడ్లు ముందున్నాయి. కానీ పరిశోధనకి శంకుస్థాపన ఉండదు, రిబ్బన్ ఉండదు. ఫలితం పదేళ్ళకి వస్తుంది, అప్పటికి ప్రభుత్వాలు మారిపోతాయి.

ఆరోగ్యం ఖర్చుని ఉత్పాదకత కింద ఎవరూ లెక్కించరు. డెల్టాలో లెక్కించాలి. బోదకాలు ఉన్నవాళ్ళకి జ్వరం, గజ్జల్లో బిళ్ళ, కాలు ఎర్రబడటం అప్పుడప్పుడూ తిరగబెడుతుంది. వచ్చినప్పుడల్లా మూడు నాలుగు రోజులు మంచం. అది ఊడ్పుల కాలంలోనే వస్తే ఆ మనిషికి సీజను పోయినట్టే, బురదలో తడిసిన కాలి పగుళ్ళ నుంచి సూక్ష్మజీవులు చేరి వచ్చేదీ అప్పుడే. సామూహికంగా ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఖర్చులో చాలా తక్కువ. పదిహేనేళ్ళు దాటినవారికి 100 మిల్లీగ్రాముల డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి, పరగడుపున కాకుండా. రెండేళ్ళలోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్రంగా జబ్బుపడ్డవారికి ఇవ్వరు. ఊరి మొత్తం జనాభాలో కనీసం 65 శాతం మంది మింగితేనే వ్యాప్తి ఆగుతుంది. తప్పు జరిగేది పంపిణీలో. పగలు పదకొండు గంటలకి ఇంటికి వస్తే పనివాళ్ళు చేలో ఉంటారు. మాత్రలు ఇంట్లో ఇచ్చి సంతకం పెట్టించుకుంటారు, అవి గూట్లోనే ఉండిపోతాయి. రిజిస్టరులో 90 శాతం, కడుపులోకి వెళ్ళింది సగం. సాయంత్రం పూట, కళ్ళెదుట మింగించాలి. పైసా అదనపు ఖర్చు లేని మార్పు ఇది.

ఆక్వాలో సూత్రం ఇదే, పరికరం వేరు. అర్హత ఉన్న చెరువులకి యూనిట్ రూ.1.50 రాయితీ ధరకి కరెంటు ఇస్తున్నారు. చౌక కరెంటు కన్నా ఆగని కరెంటు విలువైనది. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గినప్పుడు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పంటంతా పోతుంది, నాలుగు నెలల కాపలా, మేత వేసిన పనిదినాలన్నీ సున్నా అవుతాయి. ఆ భయంతో ప్రతి రైతూ డీజిల్ జనరేటరు కొని పెట్టుకుంటాడు. చెరువులకి కరెంటు తెచ్చే ఫీడరు లైను బలపరచడానికి పెట్టే రూపాయి, రాయితీ రూపాయి కన్నా ఎక్కువ పని చేస్తుంది.

మీరు కౌలు రైతు కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. మురుగు బాగుపడి ఎకరానికి నాలుగు బస్తాలు పెరిగితే, రెండేళ్ళలో కౌలు రెండు మూడు బస్తాలు పెరుగుతుంది. ఉత్పాదకత పెరిగింది నిజమే, పెంపు చేరింది భూమి యజమానికి. నీళ్ళు, రోడ్డు, మురుగు మీద ఖర్చు భూమికి అతుక్కుంటుంది. చదువు, ఆరోగ్యం, నైపుణ్యం మీద ఖర్చు మనిషికి అతుక్కుంటుంది, అతను ఊరు మారినా వెంట వెళ్తుంది. ఇండోనేషియాలో 1973 నుంచి 1978 వరకు అరవై ఒక్క వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టారు. వెయ్యిమంది పిల్లలకి ఒక బడి చొప్పున పెరిగిన చోట్ల, ఆ పిల్లలు పెద్దయ్యాక కూలీ ఆదాయం 1.5 నుంచి 2.7 శాతం పెరిగినట్టు తేలింది. చిన్నగా కనిపిస్తుంది, కానీ బతికినంతకాలం వచ్చేది. మీ వరకు వెంటనే అక్కరకొచ్చేది 11 నెలల కౌలు గుర్తింపు కార్డు. అది లేకపోతే పంట రుణం, నష్టపరిహారం పట్టాదారు పేరుకే వెళ్తాయి, మీరు ప్రైవేటు వడ్డీకి తెచ్చి ఎరువు ఆలస్యంగా వేస్తారు. వేసిన మనిషి పని అంతే, పంట మాత్రం తక్కువ.

మొత్తం దేశాల స్థాయిలో ఎంత? 1989లో అమెరికా మీద ఒక అంచనా వచ్చింది: ప్రభుత్వ మూలధనం 10 శాతం పెరిగితే ఉత్పత్తి దాదాపు 4 శాతం పెరుగుతుందని. అది మరీ ఎక్కువని తర్వాతివాళ్ళు ఆక్షేపించారు. మూడు దశాబ్దాల అధ్యయనాలను కలిపి చూసిన 2014 విశ్లేషణలో అది సగటున 1 శాతం దగ్గర తేలింది. ఇది సగటు మాత్రమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి లాంటి మొదటి పెట్టుబడి ఫలితం ఒక తీరు. ఉన్న కాలువ పక్కన ఇంకో రోడ్డు వేస్తే వచ్చేది ఒక తీరు. ఇప్పుడు డెల్టాలో కొత్తగా కట్టేదానికన్నా ఉన్నదాన్ని నిలబెట్టేదే ఎక్కువ ఇస్తుందని నా అభిప్రాయం.

మీ ఊరికి పెట్టిన ఖర్చు పనికొచ్చిందో లేదో మీరే తేల్చుకోవచ్చు. ఫిబ్రవరిలో నీటి సంఘం నుంచి, వాళ్ళు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తుతో, కాలువ కట్టేసే కాలపు పనుల జాబితా తీసుకోండి: పని పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, అంచనా, ఒప్పందం తేదీ. పని మొదలవకముందు రెండు మూడు చోట్ల కాలువ అడుగు మట్టం కొలిచి, పక్కన తూము రాతి మీద రంగుతో గీత పెట్టి, తేదీతో ఫొటో తీసుకోండి. నీళ్ళు వదలడానికి ముందు మళ్ళీ కొలిచి ఎం-బుక్‌లో (ఇంజనీర్ల కొలతల పుస్తకంలో) రాసిన లోతుతో పోల్చండి. నీళ్ళు వచ్చాక కొలిచిన కొలత ఒప్పుకోవద్దు. మాసూళ్ళయ్యాక పై పద్ధతిలో పనిదినానికి ఎన్ని కిలోలో లెక్కవేసి ఆ కాగితాన్ని నిరుటి కాగితం పక్కన పెట్టండి. ముంపు లేని ఏడాదిని ముంపు ఏడాదితో పోల్చకండి, వాన తేడా ఖర్చు ఖాతాలోకి ఎక్కుతుంది. మీ మురుగు కాలువ కిందే ఉండి పని జరగని పక్క ఊరు ఉంటే, అదే ఏడాది ఆ ఊరి అంకెతో పోల్చండి.